రంగం వెళ్లిన ముత్తాత జాడ తియ్యాలంటే ఎక్కడ మొదలెట్టాలి

మన వైజాగ్, విజయనగరం, శ్రీకాకుళం వైపు ఏ ఇంట్లో కదిపినా రంగం, అంటే బర్మాలో రంగూన్, వెళ్లిన తాతో ముత్తాతో ఒకరుంటారు. కొందరు నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చేరు, కొందరు కొన్నాళ్లు మనియార్డర్లు పంపి ఆగిపోయేరు, కొందరి గురించైతే "ఓడెక్కేడు, మరి రాలేదు" అన్న ముక్క తప్ప ఇంకేం మిగల్లేదు. రంగమే కాదు, దక్షిణాఫ్రికాలో నేటాల్, మారిషస్, ఫిజీ, మలయా కూడా మన జిల్లాల నుంచి జనాన్ని పట్టుకెళ్లినవే. ఇప్పుడు వాళ్ల మునిమనవలు డర్బన్ నుంచి, పోర్ట్ లూయీ నుంచి మనల్ని వెతుకుతున్నారు, మనమేమో ఇక్కడ నుంచి వాళ్లని వెతుకుతున్నాం, మధ్యలో దారి తెలిసిన పెద్దోళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే ఈ పని వచ్చే వేసవికి పెట్టుకోకండి, ఈ ఆదివారమే మొదలెట్టండి.

అందరూ ముందు చేసేది ఇంటిపేరు గూగుల్లో కొట్టడం. దానివల్ల దాదాపు ఏమీ రాదు. ఎందుకంటే ఓడ ఎక్కించేటప్పుడు రాసిన రిజిస్టర్లలో మన ఇంటిపేర్లు చాలామటుకు రాయనే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఠాణా, జిల్లా, ఒంటి మీద పుట్టుమచ్చలు, ఎత్తు, ఇవీ రాసినవి. పైగా ఒకటే ఇంటిపేరు పది ఊళ్లలో, వేరే వేరే కులాల్లో కూడా ఉంటుంది. కాబట్టి మీకు కావల్సింది రెండు ముక్కలు, ఊరి పేరు, తండ్రి పేరు. ఈ రెండూ దొరికితే మిగతా కాగితం అంతా పని చేస్తుంది, ఇవి లేకుండా ఏ ఆర్కైవ్స్‌కి వెళ్లినా ఉత్త చేతులే. ఈ రెండూ దొరికేది కంప్యూటర్లో కాదు, మీ ఇంట్లో వయసు మళ్లిన ఆడవాళ్ల దగ్గర.

ఇంటి పెద్ద అని మగాళ్ల దగ్గరికి వెళ్తాం గానీ వాళ్లు తండ్రి వైపు ఒక్క గీత చెప్పి ఆగిపోతారు. మేనత్తలు, అమ్మమ్మ చెల్లెళ్లు, ఆ వీధిలోకి కోడలిగా వచ్చి యాభై ఏళ్లు అయినవాళ్లు, వీళ్లు రెండు వైపులా చెప్తారు, ఎందుకంటే పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మోసింది వాళ్లే. వెళ్లి "మన వంశవృక్షం చెప్పు మామ్మా" అంటే మాత్రం నాకేం తెల్దు నాయనా అంటుంది. పెళ్లిళ్ల గురించి అడగండి. నీ పెళ్లికి బుట్టలో ఎత్తుకొచ్చిన మేనమామ ఎవరు, ఏ ఊరు నుంచి వచ్చేడు, ఆడపడుచు కట్నాలు ఎంతమందికి ఇచ్చేరు, ఎవరు అలిగి భోజనం చెయ్యకుండా వెళ్లిపోయేరు అని అడిగితే అదే ధారగా వచ్చేస్తుంది. ఆడపడుచు కట్నం ఎవరెవరికి ఇచ్చేరో తెలిస్తే తాతగారికి ఎంతమంది అక్కచెల్లెళ్లో తెలిసిపోయినట్టే, మేనమామ ఊరు తెలిస్తే ముత్తమ్మమ్మ పుట్టిల్లు తెలిసినట్టే. అలాగే పురుడు ఎక్కడ పోసేరో అడగండి. మనకి తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి చాలామంది పెద్ద కొడుకులు తండ్రి ఊళ్లో పుట్టలేదు, తల్లి పుట్టింట్లో పుట్టేరు. పుట్టిన నమోదు కోసం తండ్రి ఊరి రిజిస్టర్లు తిరగేసి లేదని వదిలేస్తారు చాలామంది, అది అమ్మమ్మగారి ఊళ్లో ఉండొచ్చు.

ఇంకోటి, మాటలు వాళ్లవే వాడండి. మయన్మార్ అంటే ఎవరికీ అర్థం కాదు, రంగం అనండి, బర్మా అనండి. దక్షిణాఫ్రికా అంటే కొందరు పెద్దోళ్లకి తట్టకపోవచ్చు, నేటాల్ అనో డర్బన్ అనో అంటే తట్టొచ్చు. ఫోన్‌లో రికార్డర్ పెట్టి ముందే చెప్పండి రికార్డ్ చేస్తున్నానని, ఇష్టం లేకపోతే ఆపేయండి. ఒకేసారి మూడు గంటలు కూర్చోబెట్టకండి, అలిసిపోతారు. అరగంట చాలు, మళ్లీ ఇంకో రోజు. రెండోసారి వెళ్లేటప్పటికి వాళ్లే గుర్తు తెచ్చుకుని పెట్టుకుంటారు.

అన్నింటికన్నా మంచి రోజు సంక్రాంతి. మన ఉత్తరాంధ్రలో పెద్ద పండగ అంటే పెద్దల పండగే కదా, ఆ రోజు పెద్దలకి బట్టలు పెడతారు. గోడకి పసుపు రాసి బొట్లు పెట్టి, ముందర కొత్త పంచె, చీర, బూరెలు గారెలు అన్నం వడ్డించిన ఆకులు, సాంబ్రాణి పొగ, అప్పుడు ఇంటి పెద్ద ఒక్కొక్క పేరూ పిలిచి దణ్ణం పెడతాడు. ఆ పిలిచే పేర్లు రాసుకోండి. ఏ పేరు తర్వాత ఏ పేరు వస్తోందో ఆ వరసలోనే రాసుకోండి. చిన్నప్పుడే పోయిన పిల్లలు, పెళ్లి కాకుండా పోయినోళ్లు, రంగంలో పోయేడని కబురు మాత్రం వచ్చినోళ్లు, ఏ సర్టిఫికెట్లోనూ లేనివాళ్లందరూ అక్కడ ఉంటారు. పిలవడం అయ్యేక, అందరూ బూరెలు తింటున్నప్పుడు "ఆ మూడో పేరు ఎవరిది పెదనాన్నా" అని అడిగి చూడండి, ఆ రోజు మనసు మెత్తగా ఉంటుంది కాబట్టి చెప్తారు. తద్దినాలు పెట్టే ఇళ్లలో అయితే తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత మూడు తరాల పేర్లు గోత్రంతో సహా చెప్తారు, పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు కూడా అవే మూడు తరాలు రెండు వైపులవీ వస్తాయి. మీ పురోహితుడు గారి పాత నోటుబుక్కులో మీ నాన్నగారి పెళ్లప్పుడు రాసుకున్న ప్రవర ఉండి ఉండొచ్చు, అడిగి చూడండి. గయ వెళ్లి పిండం పెట్టినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే అక్కడి పండా, అంటే తీర్థ పురోహితుడు, ఎవరో కనుక్కోండి, వాళ్ల బహీల్లో, అంటే పాత పుస్తకాల్లో, యాత్రకి వచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు రాసి ఉంటాయి.

పేర్లు రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఒక తరం వదిలి ఒక తరం అదే అప్పలస్వామి, అదే అప్పలస్వామి. ఇద్దర్నీ ఒక్కరు అనుకుంటే యాభై ఏళ్లు తేడా వచ్చేస్తుంది. పేరు పక్కన ఎప్పుడూ తండ్రి పేరు, భార్య పేరు రాయండి, భార్య పేరు ఉంటే ఇద్దరూ కలిసిపోరు. ఆడవాళ్ల పేరు దగ్గర పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయండి. ఇది నేను గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే మన వైపు నేను చూసిన వంశవృక్షాల్లో ఎక్కువ వాటిల్లో ఆడపిల్ల పేరే ఉండదు, ఉన్నా "ఇద్దరు కుమార్తెలు" అని తేల్చేస్తారు. రంగం నుంచి కబురు తెచ్చింది ఎక్కువగా ఆ కుమార్తెల అత్తింటి వాళ్లే. ఒక ఊరి నుంచి బావలూ బావమరుదులూ కలిసి ఓడెక్కేవారు, కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీ కూడా చుట్టమో ఊరివాడో అయ్యుండేవాడు. ఆడపిల్లల గీత చెరిపేస్తే ఆ దారి మూసేసినట్టే.

మేనరికాలు ఉన్నచోట చెట్టు బొమ్మ కుదరదు, ఒకే మనిషి తాతా అవుతాడు, అమ్మమ్మకి అన్నా అవుతాడు. గ్రాంప్స్ అని ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, అలాంటి దాంట్లో ఒక మనిషిని ఒక్కసారే ఎక్కించి రెండు వైపులా కలపండి, రెండు సార్లు ఎక్కించకండి. డీఎన్ఏ టెస్ట్ చేయించుకునేవాళ్లకి కూడా ఇదే మాట, తరతరాల మేనరికం ఉంటే దూరపు చుట్టం కూడా దగ్గర చుట్టంలా కనిపిస్తాడు, రెండో కజిన్ అని చూపించినా నాలుగో కజిన్ కావచ్చు. కాగితంతో సరిచూసుకోకుండా నమ్మకండి.

సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. వైజాగ్ మీద జపాన్ వాళ్ల బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, అప్పటికి పెళ్లయిందా, కడుపుతో ఉందా, ఊరొదిలి ఎక్కడికి పారిపోయేరు అని అడగండి. పోర్టు తెరిచింది 1933, షిప్‌యార్డులో జల ఉష ఓడ నీళ్లలోకి దిగింది 1948, ఉక్కు ఉద్యమం కాల్పులు 1966, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది 1971 డిసెంబర్. వీటిల్లో ఒకటి దొరికితే ముందా వెనకా అని లాగొచ్చు. పాత దస్తావేజుల్లో, జాతకాల్లో తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. చిత్రభాను అంటే 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా, కానీ అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి 1882 కూడా చిత్రభానే, 2002 కూడా చిత్రభానే. మనిషి వయసు చూసి ఏదో తేల్చుకోండి.

ఇప్పుడు ఇంట్లో కాగితాలు. ట్రంకు పెట్టెలో అడుగున, దేవుడి గూట్లో, బీరువా లాకర్లో చూడండి. మనియార్డర్ ఫారం కింది ముక్క ఒకటి ఉంటుంది, డబ్బు తీసుకున్నవాళ్లకే వదిలేసేది, దాని మీద పంపినవాడి పేరు, అడ్రసు, రెండు లైన్ల కబురు ఉంటాయి. రంగంలో ఏ వీధిలో ఉన్నాడో చాలా ఇళ్లలో దానిమీదే తెలుస్తుంది, అదేదో రసీదు ముక్కని పారేస్తారు, పారెయ్యకండి. ఫోటోలు వెనక్కి తిప్పి చూడండి, స్టూడియో ముద్ర ఉంటే ఏ ఊరో తెలుస్తుంది. పంపకాల కాగితం దొరికిందంటే అది బంగారం, అన్నదమ్ములందరి పేర్లూ ఉంటాయి, ఊళ్లో లేని అన్నదమ్ముడి వాటా గురించి కూడా రాస్తారు, "దేశాంతరం వెళ్లిన" అన్న మాట కనిపించిందా చూడండి, ఆ వాటా ఎవరు అనుభవించాలో రాసిన చోటే వాడి భార్యాపిల్లల పేర్లు కూడా ఉంటాయి. ఏ కాగితమూ వాళ్లింట్లోంచి పట్టుకురాకండి, అక్కడే కిటికీ దగ్గర వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసుకుని అక్కడే ఇచ్చెయ్యండి. ఫోటో వెనక రాయాల్సొస్తే పెన్సిల్‌తో మెల్లగా రాయండి, పెన్ను వద్దు.

ఆఫీసు కాగితాల సంగతి క్లుప్తంగా. స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్లు మంచివి, తండ్రి పేరు, ఊరు ఉంటాయి, పుట్టినతేదీ మాత్రం మాస్టారు అందాజాగా వేసింది అయ్యుండొచ్చు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది, అంతకు ముందువి ఆఫీసులోనే వెతికించాలి. భూమి రికార్డుల దగ్గర ఒకటి తెలుసుకోవాలి, మన జిల్లాలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద ఉండేది, కాబట్టి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్ జరిగేకే రైతు వారీగా సర్కారు రికార్డు ఏర్పడింది. జమీందారీ ఊళ్లలో ముత్తాత పేరు కోసం ఇంకా పాత అడంగల్, అంటే పొలం ఎవరి సాగులో ఉందో రాసే లెక్క, అడిగితే లేదంటే, నిజంగానే లేకపోవచ్చు. క్రైస్తవ కుటుంబాలైతే బాప్తిస్మం రిజిస్టర్లు, ముస్లిం కుటుంబాలైతే ఖాజీ దగ్గర నికా రిజిస్టర్లు ముందు చూడండి, వైజాగ్‌లో మిషన్ పని 1805 నుంచీ ఉంది.

బయట దేశాల్లో ఏం దొరుకుతుంది అన్నది ఏ దేశం వెళ్లేరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడే చాలామంది లేని కాగితం కోసం ఏళ్లు పోగొట్టుకుంటారు. బర్మా 1937 ఏప్రిల్ వరకు బ్రిటిష్ ఇండియాలో భాగమే, అప్పటిదాకా రంగం వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, వైజాగ్‌లోనో భీమిలిలోనో కాకినాడలోనో స్టీమర్ టికెట్ కొనుక్కుని ఎక్కెయ్యడమే, కాబట్టి ఒక్కొక్క మనిషికీ ఇమ్మిగ్రేషన్ పాసు దొరుకుతుందని ఆశపడకండి. 1931 లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా మన దేశం వాళ్లే, అందులో రేవులో మూటలు మోసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ, వాళ్లని అక్కడ కొరంగీలు అనేవారు. 1930 మేలో రేవు కూలీల మీద జరిగిన గొడవల్లో చాలామంది మనవాళ్లు పోయేరు. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచి వచ్చేరు, దారిలో పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. మీ ఇంట్లో "1930 దాకా ఉత్తరాలొచ్చేయి" అన్నా "యుద్ధంలో తెగిపోయింది" అన్నా ఆ మాట తేలిగ్గా తీసుకోకండి, అదే మీ ఆధారం. 1962 తర్వాత, ముఖ్యంగా 1964లో వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చిన కుటుంబాలైతే వాళ్ల దగ్గర కాగితాలు ఉంటాయి, అక్కడి విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం, వచ్చేటప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో పెద్దవాళ్లతో మాట్లాడండి, మీ చుట్టాలు కాకపోయినా ఏ వీధిలో ఏ ఊరివాళ్లు ఉండేవారో వాళ్లకి గుర్తుంటుంది.

నేటాల్, ఫిజీ, మారిషస్ కథ వేరు. అవి గిర్మిట్ ఒప్పందం మీద, అంటే ఇన్నేళ్లు కూలి చేస్తామని రాసిచ్చి వెళ్లినవి, కాగితం బాగా ఉంది. నేటాల్‌కి మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, 1911 దాకా లక్షా యాభై రెండు వేల మంది వెళ్లేరు. ఆ ఓడ లిస్టులు ఉన్నాయి, ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబర్ ఉంటుంది, ఆ నంబరే అసలు తాళంచెవి, అక్కడి చుట్టాలు రాస్తే ముందు అదే అడగండి. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలై 1916లో ఆగేయి, ఎమిగ్రేషన్ పాసులో ఊరు, తండ్రి పేరే కాకుండా దగ్గర బంధువు పేరు కూడా ఉంటుంది. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఇమ్మిగ్రేషన్ రిజిస్టర్లు ఉన్నాయి, 1860ల తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి ఫోటోలు కూడా ఉన్నాయి. ముత్తాత ముఖం చూడాలని ఉన్నవాళ్లు అక్కడికి తప్పకుండా రాయండి. మలయాకి కంగాణీ, అంటే కూలీల్ని కూడగట్టే మేస్త్రీ, వెంట వెళ్లినవాళ్లకి ఇలాంటి పాసు ఉండదు, అక్కడ రబ్బరు తోట పేరో కొబ్బరి తోట పేరో తెలియాలి. పేరాక్‌లో బాగన్ దాతో వైపు మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డారు, 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన అక్కడి తెలుగు సంఘం ఇప్పటికీ నడుస్తోంది, వాళ్లకి రాస్తే తోట పేరు పట్టుకుని ఊరివాళ్లని చెప్పగలరు. దక్షిణాఫ్రికాలో 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది.

ఆ లిస్టుల్లో ఊరి పేర్లు చదవడం ఒక కష్టం. తెలుగు రాని గుమాస్తా చెవికి వినపడినట్టు రాసేడు, కాబట్టి కళ్లతో చదవకండి, పైకి చదవండి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమిలి, వాల్తేర్ మనకి తెలిసిందే. సర్వసిద్ధి తాలూకా అని ఉంటే ఇప్పటి యలమంచిలి, ఎస్.రాయవరం వైపు వెతకండి, గొలుగొండ తాలూకా అంటే నర్సీపట్నం వైపు. విజగపటం జిల్లా అని ఉంటే అది వైజాగ్ సిటీ కాదు, పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి అన్నీ అందులోవే. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అప్పట్లో గంజాం జిల్లాలో, 1936లో ఒడిశా ఏర్పడేకే ఇటొచ్చేయి. తర్వాత 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయేయి. మద్రాసు అని ఒక్క ముక్కే ఉంటే అది ఓడెక్కిన రేవు కావచ్చు, ప్రెసిడెన్సీ కావచ్చు, చెన్నైలో ఇల్లు వెతకనక్కర్లేదు.

ఊరు అసలు తెలియనివాళ్లకి పేరే దారి చూపిస్తుంది. అప్పన్న, అప్పలనర్సమ్మ, సింహాచలం, సింహాద్రి అని ఉంటే సింహాద్రి అప్పన్న భక్తులు, అంటే మన చుట్టుపక్కలే. పైడిరాజు, పైడమ్మ, పైడితల్లి అంటే విజయనగరం వైపు చూడండి, నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు. అక్కడి స్పెల్లింగుల్లో సాగిపోయి, విరిగిపోయి ఉన్నా ఈ పేర్లు వినగానే పట్టుకోవచ్చు, ఇది పక్కా రుజువు కాదు గానీ ఏ తాలూకా నుంచి మొదలెట్టాలో చెప్తుంది.

ఊరు దొరికి వెళ్తున్నారనుకోండి, మొదటి మాట జాగ్రత్త. కొత్త మనిషొచ్చి మీ తాత పేరేంటి, మీ తాతకి అన్నదమ్ములెంతమంది అని అడిగితే ఊళ్లో ఎవరైనా భూమి గొడవే అనుకుంటారు, నోరు విప్పరు. రచ్చబండ దగ్గరే, అందరి ముందే చెప్పెయ్యండి, నాకు సెంటు భూమి అక్కర్లేదు, చుట్టరికం తెలుసుకుందామని వచ్చేను, కావాలంటే రాసిస్తాను అని. డర్బన్ నుంచి చుట్టాలు వస్తే వాళ్ల తరఫున మీరే ఇది ముందు చెప్పండి, వాళ్లకి ఈ భయం తెలీదు. రెండోది, ఓడెక్కి వెళ్లిన చోట రెండో పెళ్లి చేసుకున్న తాతలు చాలామంది ఉన్నారు. ఇక్కడ తాళిబొట్టు తియ్యకుండా ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మామ్మలున్నారు, అక్కడ పిల్లల్ని కని పెంచిన ఇంకో ఇల్లాలు ఉంది, ఇద్దరూ ఏ తప్పూ చెయ్యలేదు. ఆ మామ్మ కూతురు బతికుంటే ఈ విషయం ఫోన్‌లో చెప్పకండి, వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టకండి, వెళ్లి పక్కన కూర్చుని చెప్పండి, వినాలని లేదంటే వదిలెయ్యండి. చెట్టులో మాత్రం ఇద్దరు భార్యల పేర్లూ, అందరి పిల్లల పేర్లూ రాయండి, ఒక వైపుని దాచి రాసింది చెట్టు కాదు.

రాసుకునేటప్పుడు ప్రతి ముక్క పక్కన ఎవరు చెప్పేరు, ఎప్పుడు చెప్పేరు అని రాయండి. ఇద్దరు రెండు రకాలు చెప్తే రెండూ రాయండి, కొట్టెయ్యకండి, తర్వాత ఒక కాగితం దొరికి ఎవరిది నిజమో తేలుతుంది. ఇంగ్లీషులోనే కాదు తెలుగులో కూడా పేర్లు రాయండి, బయట పుట్టిన పిల్లలకి చదవడం రాకపోయినా ఎవరో ఒకరు చదివి పలికి వినిపిస్తారు, పేరు సరిగ్గా పలకడం వాళ్లకి చేరాలి కదా. బతికున్నవాళ్ల పుట్టినతేదీలు, అడ్రసులు పబ్లిక్ సైట్లలో పెట్టకండి. ఆడియో ఫైళ్లకి "మేనత్త, యలమంచిలి, 2025 సంక్రాంతి" అన్నట్టు పేరు పెట్టి వేరే వేరే ఊళ్లలో ఉన్న ముగ్గురు చుట్టాలకి ఒక్కో కాపీ ఇవ్వండి, ఒకటి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర, ఒకటి ఇక్కడ, ఒకటి ఆడపిల్ల అత్తింటి వైపు. వైజాగ్ తేమకి పాత కాగితం తొందరగా బూజు పడుతుంది, ప్లాస్టిక్ కవర్లో కుక్కి పెట్టకుండా పొడిగా ఉన్న కాగితం కవర్లో పెట్టి, వర్షాకాలం వెళ్లేక ఒకసారి నీడలో ఆరబెట్టండి.